కథ ఆగిపోతే పాఠకులు ఊరుకోరు

సీరియల్ నవల చదివేవారికి ఒక సరదా బాధ ఉంటుంది. పత్రిక ఇంట్లోకి రాగానే ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని, నడిమి పుటలు తిప్పి, నాయిక ఏటి ఒడ్డున చీకట్లో నిలబడ్డ చోట "సశేషం" అనే మాట చూసి నిట్టూర్చి, వచ్చే వారం దాకా ఆ పిల్లను ఆ చీకట్లోనే నిలబెట్టి ఉంచడం! ఇది అలవాటైన బాధే. ఎంత తిట్టుకున్నా ఇందులో కొంత సుఖం ఉంది.

సుఖం లేని బాధ మరొకటి. పత్రికే మూతపడుతుంది. రచయితకు ఉద్యోగం పోతుంది. "సశేషం" అన్నదే ఆఖరు మాటగా మిగిలిపోతుంది. అప్పుడు పాఠకులేం చేస్తారు? సంపాదకుడికి ఉత్తరాలు రాస్తారు. సంపాదకుడే లేకపోతే ఒకరితో ఒకరు చెప్పుకుని కొన్నాళ్ళకు మరిచిపోతారు. అలా మరిచిపోవడానికి ఒప్పుకోని పాఠకుల సంగతి ఈ వారం మనవి చేస్తాను. అయితే వారు చదివింది పుస్తకం కాదు. కంప్యూటరు మీద ఆడే ఆట.

ఆటలకు ఈ శీర్షికలో చోటేమిటని తల్లులు అడగవచ్చు. పిల్లల కళ్ళూ చదువులూ పాడవుతున్నది వాటివల్లనే గదా అని తండ్రులు అనవచ్చు. ఇరువురి మాటా కాదనను. కాని కథ అనేది ఏ పాత్రలో పోసినా కథే. తోలుబొమ్మలాట తెర మీద, బుర్రకథ తంబురా మీద, సినిమా హాలులో మనం కథ విన్నాం. ఈ ఆటలలో కథ వింటున్న మనిషే కథలో నడుస్తాడు, అంతే తేడా. తుపాకులు పేల్చే ఆటల గురించి నేను మాట్లాడబోవటం లేదు, భయపడకండి.

సంగతి 1979లో మొదలవుతుంది. కాలిఫోర్నియాలో కెన్ విలియమ్స్, రొబర్టా విలియమ్స్ అనే భార్యాభర్తలు ఒక చిన్న సంస్థ పెట్టారు. తర్వాత దానికే సియెర్రా అని పేరు వచ్చింది. యోసెమిటీ కొండల చేరువలో ఓక్‌హర్స్ట్ అనే చిన్న ఊళ్ళో దాని కార్యాలయం. రొబర్టా అల్లిన "కింగ్స్ క్వెస్ట్" 1984లో వెలువడింది. అందులో ఒక బొమ్మ మనిషి తెర మీద నడుస్తాడు, చెట్ల వెనక్కి వెడితే కనుమరుగవుతాడు, మళ్ళీ బయటికి వస్తాడు. ఇప్పుడు వింటే నవ్వు వస్తుంది గాని, ఆ రోజుల్లో అది వింతే. మీరు "తలుపు తెరువు", "రాయి తీసుకో" అని ఇంగ్లీషులో టైపు చేస్తే అతడు ఆ పని చేస్తాడు. క్రియ, కర్మ రెండూ చాలు. విశేషణాలంటే ఆ యంత్రానికి గిట్టదు. వ్యాకరణం చెప్పుకుని బతికే నాబోటి వాడికి ఇది ఎంత వేడుకగా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు.

ఇంకొక పక్క, 1974లో అమెరికాలోనే "డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆట పుట్టింది. నలుగురు బల్ల చుట్టూ చేరి ఒకడు వీరుడిగా, ఒకడు మాంత్రికుడిగా, ఒకడు దొంగగా మనసులోనే వేషాలు కట్టుకుంటారు. ఐదోవాడు కథ చెబుతూ ఉంటాడు. పాచికలు వేసి జయాపజయాలు తేల్చుకుంటారు. అందులో ప్రతి వేషానికీ బలం ఇంత, తెలివి ఇంత, చేతివాటం ఇంత అని అంకెలుంటాయి. కథ నడిచిన కొద్దీ అవి పెరుగుతాయి. ఈ రెండు ఏరులూ వేరువేరుగా పారుతుండగా వాటిని ఒకటి చేసిన పుణ్యం మరొక దంపతులది. లోరీ కోల్, కోరీ కోల్ అని వారి పేర్లు. కోరీ ప్రోగ్రాములు రాసే ఉద్యోగిగా సియెర్రాలో చేరారు. భార్యాభర్తలిద్దరూ కలిసి రూపొందించిన ఆట 1989లో "హీరోస్ క్వెస్ట్" అనే పేరుతో వచ్చింది. ఆ పేరును పోలిన పేరు అప్పటికే ఒక బల్లమీది ఆటకు ఉండటంతో దీనిని "క్వెస్ట్ ఫర్ గ్లోరీ" అని మార్చారు. మొదటి పేరు సాదాగా ఉంది, రెండోది కొంచెం బడాయిగా ఉంది. అయినా నిలిచింది రెండోదే.

ఈ ఆట కథ కొంచెం చెప్పాలి. చెప్పకపోతే జనం దానిని ఇన్నేళ్ళు గుండెకు ఎందుకు హత్తుకున్నారో తెలియదు.

స్పీల్‌బర్గ్ అని ఒక లోయ. చుట్టూ మంచు కొండలు. ఆ లోయలోకి ఒక కుర్రవాడు వస్తాడు. అతడు రాకుమారుడు కాడు, దైవాంశ సంభూతుడు అంతకన్నా కాడు. వీరుడు కావటమెలాగో ఉత్తరాల మీద పాఠాలు చెప్పే ఒక బడిలో చదివి వచ్చినవాడు! ఆటతోపాటు వచ్చే పుస్తకమే ఆ బడివారి పాఠ్యపుస్తకం. మన కరెస్పాండెన్సు కోర్సుల వారు చూస్తే సంతోషించేటట్టు ఉంటుంది. అతడు వచ్చిన కనుమ మంచుతో మూసుకుపోతుంది, ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు. ఊరి ప్రభువుకు కొడుకూ కూతురూ కనిపించకుండా పోయారు. బాబాయాగా అనే మంత్రగత్తె శాపం ఆ వంశాన్ని పట్టుకుని ఉంది. అడవి నిండా దొంగలు. ఊరి వైద్యురాలి ఉంగరం పోయింది. కుర్రవాడు ఉంగరం దగ్గర మొదలుపెట్టి శాపం దాకా వెళ్ళాలి.

ఇక్కడే కోల్ దంపతుల తెలివి. వైద్యురాలి ఉంగరం ఇంటి ముందు చెట్టు మీద పక్షి గూట్లో ఉంటుంది. దానిని ఎలా తెస్తారు? మీరు యోధుడి వేషం కట్టుకుంటే రాయి విసిరి గూడు పడగొట్టవచ్చు. దొంగ అయితే చెట్టెక్కవచ్చు. మాంత్రికుడయితే కిందనే నిలబడి మంత్రంతో రప్పించవచ్చు. ఒకే చిక్కుకు మూడు దారులు. ఏ దారి మంచిదని ఆట మీకు చెప్పదు. చెట్టెక్కటం రాకపోతే? పదిసార్లు ప్రయత్నించండి, జారిపడండి, పదకొండోసారి ఎక్కుతారు. ఎక్కిన కొద్దీ ఎక్కే నేర్పు అంకె పెరుగుతుంది. రాయి విసిరిన కొద్దీ విసిరే నేర్పు పెరుగుతుంది. సాధన వల్ల పనులు సమకూరతాయని మనం బడిలో పిల్లలకు చెప్పి చెప్పి విసిగిపోతాం. ఆ ఆట దానిని ఒక్క మాట చెప్పకుండా చేయిస్తుంది.

పగలు రాత్రి అవుతుంది. ఆకలి వేస్తుంది. నిద్ర పట్టకపోతే మర్నాడు ఒళ్ళు స్వాధీనంలో ఉండదు. రాత్రి అడవిలో ఆదమరిచి పడుకుంటే దయ్యం వచ్చి చంపేస్తుంది. ఒక్క పచ్చికబయలు మాత్రం భద్రం. దానిని కాపాడుతున్నది ఎరానా అనే మంత్రశక్తి గల స్త్రీ మహిమ. మన ఎర్రన కాదు లెండి, ఆయన ప్రస్తావన ముందు వస్తుంది. చనిపోయిన ప్రతిసారీ ఆట ఏదో ఒక చమత్కారం చెప్పి నవ్విస్తుంది. శ్లేషలంటే ఆ దంపతులకు ప్రాణం. కొన్ని శ్లేషలు పల్చనివి. అయినా అంత మనస్ఫూర్తిగా చెబుతూ ఉంటే చిరాకు పడలేం.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. మొదటి ఆట ముగిసినప్పుడు మీ వీరుడి నేర్పులన్నీ ఒక చిన్న ఫైలులో దాచుకోవచ్చు. రెండో ఆట మొదలుపెట్టినప్పుడు ఆ ఫైలు ఇస్తే, అదే వీరుడు, అదే పేరుతో, అదే బలంతో కొత్త దేశంలో దిగుతాడు. 1990లో రెండో భాగం వచ్చింది. అది అరేబియన్ నైట్స్ లోకం. 1992లో మూడోది, ఆఫ్రికా పోలికల దేశం. 1993లో నాలుగోది, తూర్పు ఐరోపా జానపదాల చీకటి లోయ. అయిదేళ్ళు ఆలస్యంగా 1998లో అయిదోది, గ్రీకు సముద్రతీరం. తొలి ఆటలో చెట్టెక్కలేక జారిపడ్డ కుర్రవాడు చివరికి సింహాసనం దగ్గర నిలబడతాడు. పదో తరగతిలో ఆ ఆట మొదలుపెట్టిన పిల్లవాడు ఉద్యోగంలో చేరాక దానిని ముగించాడన్నమాట. వీరుడితోపాటు ఆడేవాడికీ వయసు వచ్చింది. నవలాకారులకు కూడా అంత సులభంగా దొరకని సదుపాయం ఇది.

తర్వాత జరిగింది మామూలే. సియెర్రాను విలియమ్స్ దంపతులు 1996లో ఒక పెద్ద సంస్థకు అమ్మారు. ఆ సంస్థ మరొకదానితో కలిసింది, లెక్కల గొడవలో చిక్కుకుంది, చేతులు మారింది. 1999 ఫిబ్రవరి 22, సోమవారం నాడు ఓక్‌హర్స్ట్ కార్యాలయాన్ని మూసివేశారు. ఆ ఊళ్ళో దాని మీద ఆధారపడి ఇళ్ళు కొనుక్కున్నవారు, పిల్లలను బళ్ళలో వేసుకున్నవారు ఒక్క పూటలో నిరుద్యోగులయ్యారు. ఆ రోజును అక్కడివారు ఇప్పటికీ "రంపపు సోమవారం" అన్న అర్థం వచ్చే పేరుతో తలచుకుంటారు. అప్పటికే ఆ రకం ఆటల గిరాకీ తగ్గింది. కొత్తగా వచ్చిన త్రిపరిమాణపు బొమ్మల మోజులో పాతవి మోటుగా కనిపించాయి. దుకాణాలలో అలమరలు ఖాళీ అయ్యాయి.

ఇప్పుడు పాఠకులు రంగంలోకి వస్తారు.

పని ముట్టు లేనిదే పని కాదు గదా. ఆ ముట్టు తయారుచేసినవాడు క్రిస్ జోన్స్ అనే ఆంగ్లేయుడు. సియెర్రా ఆటల వంటివి ఎవరైనా సొంతంగా కట్టుకోవడానికి పనికివచ్చే ఒక సాధనాన్ని 1997లో విడుదల చేశాడు. తర్వాత దానికి "అడ్వెంచర్ గేమ్ స్టూడియో" అనే పేరు స్థిరపడింది. ఉచితంగా ఇచ్చాడు, కొన్నేళ్ళకు దాని లోపలి రాతను కూడా అందరికీ విడిచిపెట్టాడు. ఊళ్ళో ఒకడు మంచి మగ్గం చేసి చావడిలో పెట్టి "ఎవరికి కావలిస్తే వారు నేసుకోండి" అన్నట్టు. నేయటానికి జనం వచ్చారు.

మొదట వచ్చినవారు పాత చీరలకే కొత్త అంచులు వేశారు. సియెర్రాకు ప్రాసగా "టియెర్రా" అని పేరు పెట్టుకున్న ఒక అభిమాన బృందం మొదటి కింగ్స్ క్వెస్టును 2001లోను, రెండోదానిని 2002లోను మంచి రంగులతో మళ్ళీ చిత్రించి ఉచితంగా పంచింది. తర్వాత ఈ బృందమే ఏ.జి.డి. ఇంటరాక్టివ్ అని పేరు మార్చుకుంది. అటు తర్వాత వారు చేపట్టినది అసలు పని. క్వెస్ట్ ఫర్ గ్లోరీలో మొదటి భాగాన్ని సియెర్రావారే 1992లో 16 రంగుల నుంచి 256 రంగులకు మార్చారు. మూడో భాగం నుంచి పుట్టుకతోనే ఆ రంగులున్నాయి. మధ్యలో రెండో భాగం ఒక్కటే పాత 16 రంగులతో, టైపు చేసే పద్ధతిలోనే మిగిలిపోయింది. అయిదుగురు అన్నదమ్ముల్లో నడిమివాడికి ఒక్కడికే పండక్కి కొత్త బట్టలు కుట్టించనట్టు! అభిమానులకు ఇది ముల్లులా గుచ్చుకునేది. ఆ బృందం వేరువేరు దేశాల నుంచి, జీతం భత్యం లేకుండా, ఉద్యోగాలూ చదువులూ చేసుకుంటూ, రాత్రిళ్ళు కూర్చుని ఏళ్ళ తరబడి ఆ రెండో భాగాన్ని తిరిగి చిత్రించింది. 2008 ఆగస్టులో విడుదల చేసి, ఒక్క డాలరు పుచ్చుకోకుండా లోకానికి ఇచ్చింది.

వారి వినయం చూడండి. ఆ రెండో ఆటలో షపీర్ అనే ఎడారి నగరం ఉంది. దాని సందులన్నీ ఒకదాన్ని ఒకటి పోలి ఉంటాయి. ఆట డబ్బాలో ఇచ్చిన పటం దగ్గర లేకపోతే మనిషి దారి తప్పి తిరుగుతూ ఉండవలసిందే. దొంగ ప్రతులను అరికట్టడానికి అది ఒక ఉపాయం కూడాను. కొత్తగా చేసినవారు ఆ సందులను తీసిపారేయవచ్చు. తీయలేదు. కావలసినవారికి పాత సందులు, ఓపిక లేనివారికి సులువు చేసిన సందులు అని రెండూ ఉంచారు. మూలకర్త పెట్టిన చిక్కును కూడా చెరపకుండా ఉంచటానికి ఒక భక్తి ఉండాలి.

ఇక్కడ ఎర్రన జ్ఞాపకం రాక మానడు. నన్నయ భారతం అరణ్యపర్వం నడుమ ఆగిపోయింది. తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని చివరి దాకా నడిపాడు. నడుమ ఖాళీ అలాగే ఉంది. ఆ ఖాళీ పూరించినవాడు ఎర్రన. పూరించి, దానిని నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడికే అంకితంగా నడిపాడు. తన పేరు వెనక్కి పెట్టుకున్నాడు. మొదట నన్నయ నడకతో ఎత్తుకుని, పోనుపోను తిక్కన నడకలోకి వాలి, అతుకు కనిపించకుండా చేశాడని మా తరగతుల్లో చెబుతూ ఉంటాం. అంతటి కావ్యానికీ ఈ ఆటకూ సాటి చెప్పానని పండితులు కోప్పడవద్దు. పనుల స్థాయి వేరు. కాని ఆ బుద్ధి ఒకటే. నడుమ మిగిలిన ఖాళీ చూసి నిద్రపట్టని మనుషులు అన్ని కాలాల్లోనూ ఉంటారు.

ఎర్రనకు లేని ఇబ్బంది వీరికి ఒకటుంది. అది హక్కుల చిక్కు. కథ రాసినవారు ఒకరు, దాని మీద చట్టరీత్యా హక్కు గలవారు మరొకరు. ఆ హక్కు జమీందారీ పట్టాలా చేతులు మారుతూ పోయింది. ఫ్రెంచివారి వివెండీ చేతికి వచ్చింది, 2008లో ఆక్టివిజన్‌తో కలిసింది, 2023 అక్టోబరులో ఆక్టివిజన్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నది. ఏ.జి.డి.వారికి వివెండీ దయతలచి అనుమతి ఇచ్చింది. అందరికీ అదృష్టం అలా పట్టలేదు. కింగ్స్ క్వెస్టుకు తొమ్మిదో భాగం అల్లబోయిన మరొక అభిమాన బృందానికి 2005లో వివెండీ నుంచి "ఆపండి" అని నోటీసు వచ్చింది. అభిమానులు గోల చేస్తే, కింగ్స్ క్వెస్ట్ అనే పేరు తీసేయమనే షరతు మీద అనుమతి దొరికింది. "ది సిల్వర్ లైనింగ్" అని పేరు మార్చుకుని పని సాగించారు. ఇంతలో యజమాని మారాడు. 2010 ఫిబ్రవరిలో ఆక్టివిజన్ మళ్ళీ ఆపమన్నది. మళ్ళీ గోల, నాలుగు నెలలకు మళ్ళీ అనుమతి. ఆ జూలైలో మొదటి భాగం వచ్చింది. నాలుగు భాగాల దాకా నడిచి, అయిదోది అక్కడే నిలిచిపోయింది. సశేషాన్ని పూర్తిచేయబోయినవారి పనే సశేషమయింది!

డబ్బు పుచ్చుకోకుండా ప్రేమతో చేసిన పనిని ఆపమనే హక్కు చట్టానికి ఉందనటంలో సందేహం లేదు. ఆస్తి ఆస్తే. నా అభిప్రాయం అడిగితే మాత్రం, తాళం వేసి పాడుపెట్టిన ఇంటి ముంగిట్లో ఎవరో ముగ్గు వేస్తుంటే, ఊరుకుంటే యజమానికి పోయేదేమీ లేదు. ముగ్గు చూసి దారిన పోయేవాడు "ఇది ఎవరి ఇల్లు?" అని అడుగుతాడు, అదీ యజమానికి లాభమే.

ఈ హక్కుల తలనొప్పి చూశాక కొందరు తెలివైన దారి పట్టారు. పాత ఇంటి జోలికి పోకుండా, అదే పద్ధతిలో కొత్త ఇల్లు కట్టుకోవటం. పేర్లు మనవి, దేశం మనది, కథ మనది. నడక మాత్రం కోల్ దంపతులది. ఇలా వచ్చినవాటిలో నాకు మిక్కిలి నచ్చినది "హీరోయిన్స్ క్వెస్ట్". క్రిస్టల్ షార్డ్ అనే బృందం 2013 డిసెంబరులో ఉచితంగా ఇచ్చింది. పేరులోనే ఉంది, ఇందులో వీరుడు కాదు, వీరురాలు. ఉత్తర ఐరోపా పురాణాల మంచు దేశం. లోకాంతం తెచ్చే రాక్షసుడు బయలుదేరాడు, చలికాలం తెగటం లేదు. ఆమె యోధురాలో, మంత్రగత్తెనో, దొంగనో మీరే ఎంచుకోవాలి. ఆకలితోపాటు చలి కూడా ఒక శత్రువు; వెచ్చదనం చూసుకోకుండా మంచులో తిరిగితే రాక్షసుడు రానక్కరలేదు. పాత ఆటలో ఆకలి, నిద్ర ఎందుకు పెట్టారో ఈ పిల్లలకు బాగా అర్థమయింది. అవి ఆడేవాడిని ఏడిపించటానికి పెట్టినవి కావు; నడుస్తున్నది బొమ్మ కాదు, ఒళ్ళున్న మనిషి అనిపించటానికి పెట్టినవి. అర్థం చేసుకున్నారు గనుకనే ఒక అడుగు ముందుకు వేయగలిగారు. ఇంత పనీ చేసి డబ్బు వద్దన్నారు.

"క్వెస్ట్ ఫర్ ఇన్‌ఫమీ" సంగతి వేరు. ఆ బృందం కూడా పాత ఆటలకు కొత్త రంగులు వేసి చెయ్యి తిరిగినదే. 2012లో జనం దగ్గర చందా పోగుచేసి, 2014 జూలైలో విడుదల చేశారు. కీర్తి కోసం పోయేవాడి కథను తిరగేసి అపకీర్తి కోసం పోయేవాడి కథ చేశారు. నాయకుడు ఒక తుంటరి. ఎంచుకోవడానికి దొరికే మూడు వేషాలూ దారి దోపిడీవాడు, దొంగ, క్షుద్ర మాంత్రికుడు. ఆలోచన బాగుంది, బొమ్మలు మరీ బాగున్నాయి. హాస్యం మాత్రం పలుచోట్ల మోటుగా దిగింది. తిరుపతి ప్రయాణంలో బండిలో చెప్పుకునే హాస్యం కాదది. పిల్లల ముందు పెట్టకండి. కోల్ దంపతుల ఆటలో వీరుడు దొంగయినా ఒకరి కడుపు కొట్టడు. ఆ మెత్తదనమే ఆ ఆటలకు ప్రాణమని నాకు తోస్తుంది. పైనున్న చమత్కారాలు అనుకరించటం తేలిక, ఆ మెత్తదనం పట్టుబడటం కష్టం.

ఏ.జి.డి.వారే హిమాలయా స్టూడియోస్ అనే పేరుతో సొంత వ్యాపారం పెట్టుకుని, 2013లో చందా పోగుచేసి, 2019 జనవరిలో "మేజెస్ ఇనిషియేషన్" విడుదల చేశారు. పదహారేళ్ళ శిష్యుడు ఒకడు మాంత్రికుల గురుకులంలో చదువు ముగించుకుని పరీక్షకు నిలబడతాడు. మొదట్లో మీ స్వభావం తెలుసుకోవటానికి కొన్ని ప్రశ్నలు వేసి, నిప్పు, నీరు, గాలి, భూమిలో మీకు తగిన విద్య ఏదో నిర్ణయిస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. 2013లో డబ్బు కట్టినవారు ఎంతకాలం కాచుకున్నారో లెక్క వేసుకోండి.

ఈ చందాల పద్ధతి గురించి ఒక మాట. కిక్‌స్టార్టర్ అనేది ఇంటర్నెట్టులో జోలె పట్టే చోటు. "ఫలానా ఆట చేస్తాం, ఇంత డబ్బు కావాలి" అని చెబితే నచ్చినవారు ఇస్తారు. అనుకున్న మొత్తం పోగవకపోతే ఎవరి డబ్బూ తీసుకోరు. వెనకటికి మన పండితులు కూడా గ్రంథం అచ్చు కాకముందే చందాదారులను చేర్చుకునేవారు. ఆ చందాదారులకు పుస్తకం ఎప్పుడు అందిందో అడగకండి.

ఆ జోలె పట్టినవారిలో చివరికి కోల్ దంపతులు కూడా ఉన్నారు. ఈ భాగం చెప్పేటప్పుడు నాకు కొంచెం బెంగగా ఉంటుంది. తమ శిష్యులు, ప్రశిష్యులు తమ బాణీలో ఆటలు కడుతుంటే చూసి, 2012లో వారు మళ్ళీ నడుం కట్టారు. "క్వెస్ట్ ఫర్ గ్లోరీ" అనే పేరు వారిది కాదు గదా, యజమాని వేరు. తాము సృష్టించిన లోకం పేరు తామే వాడుకోవటానికి వీలులేని స్థితి. అంచేత "హీరో యు" అనే కొత్త పేరు పెట్టారు. నాలుగు లక్షల డాలర్లు అడిగారు. ఆరు వేల మందికి పైగా అభిమానులు 4,09,150 డాలర్లు పోగుచేసి ఇచ్చారు. ఆ జాబితాలో 1989లో పదో తరగతి పిల్లలయినవారు ఎందరున్నారో!

ఆట 2013లో పూర్తవుతుందన్నారు. పూర్తి కాలేదు. కాలంతోపాటు ఆలోచన పెద్దదయింది, బొమ్మల పద్ధతి మారింది, మనుషులు మారారు. డబ్బయిపోయింది. 2015లో మళ్ళీ జోలె పట్టారు. అప్పులు చేశారు. చివరికి 2018 జూలైలో "హీరో యు: రోగ్ టు రిడెంప్షన్" వచ్చింది. దొంగతనంలో పట్టుబడ్డ కుర్రవాడిని శిక్షకు బదులు వీరుల కళాశాలకు పంపుతారు. యాభై రోజులు గడువు. తరగతులకు పోవాలి, పరీక్షలు రాయాలి, స్నేహితులను చేసుకోవాలి, రాత్రిళ్ళు నేలమాళిగల్లో తిరగాలి. ఇది వెతికితే చిక్కే ఆట కాదు, మాట్లాడితే చిక్కే ఆట. కళాశాలలో పనిచేసేవాడిని గనుక పక్షపాతమేమో గాని, హాజరుపట్టీ లేకుండా, మంచి మాటలతో పిల్లవాడిని దారికి తెచ్చే ఆ గురువులను చూస్తే నాకు ముచ్చట వేసింది. కొందరు విమర్శకులకు మాటలు మరీ ఎక్కువనిపించాయి. ఎక్కువే. ముప్ఫై ఏళ్ళు లోపల దాచుకున్నవారు నోరు విప్పితే తక్కువ మాట్లాడతారా?

ఏళ్ళు ఆలస్యమయితే డబ్బిచ్చినవారు కోపగించుకున్నారా అని అడుగుతారు మీరు. కొందరు కోపగించుకున్నారు. ఎక్కువమంది కాచుకున్నారు. రైలు ఆలస్యమయిన స్టేషనులో అందరూ ఒకే పెళ్ళికి వెడుతున్నట్టయితే కబుర్లతో కాలక్షేపమవుతుంది. ఇదీ అలాంటిదే.

మీ ఇంట్లో పెద్దపిల్లలుండి, వారు ఇంగ్లీషు నేర్చుకుంటూ ఉంటే, తుపాకుల ఆట స్థానంలో దీనిని పెట్టి చూడవచ్చు. ఈ ఆటలు నడిచేది చదవటం మీద. "హీరోయిన్స్ క్వెస్ట్" ఉచితం గనుక అక్కడ మొదలుపెట్టవచ్చు. ఆటలో ఒక నిఘంటువు అవసరం అవుతుంది, అది పక్కన పెట్టుకోండి. కొంచెం ఖర్చుకు వెరవనివారు పాత అయిదు భాగాలూ కలిపి అమ్ముతారు, అవి తెప్పించుకోవచ్చు. ఆ వరసలో మొదటిది ముగించి, రెండోదానికి సియెర్రా ప్రతి కాకుండా ఏ.జి.డి.వారి ఉచిత ప్రతి ఎక్కించుకోండి. ఆడేటప్పుడు తరచు ఆట దాచుకుంటూ ఉండాలి. పచ్చికబయలు దాకా చేరకుండా చీకటి పడితే ఏమవుతుందో చెప్పాను గదా. మొదటి భాగం చివర వీరుడిని ఫైలులో దాచుకోమని అడిగినప్పుడు బద్ధకించవద్దు. సియెర్రా కార్యాలయం మూతపడిన తొమ్మిదేళ్ళ తర్వాత, జీతం లేనివాళ్ళు చేసిన ఆ రెండో ఆట, మొదట్లోనే ఆ ఫైలు ఉందా అని అడుగుతుంది.